ప్రత్యేక గది వద్దు, ఆరు మంచాల వార్డు అడగండి

ప్రశ్న: మా బావగారికి ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్నది, ఆపరేషన్ అయింది. బెంగళూరులో రిహాబిలిటేషన్ ఆస్పత్రిలో మూడు నెలలు ఉండాలంటున్నారు. ప్రత్యేక గది తీసుకోవడం మంచిదా, జనరల్ వార్డు సరిపోతుందా?

మీ ఆర్థిక స్థితిని బట్టి నిర్ణయించుకోండని చాలామంది చెబుతారు. నేను మాత్రం డబ్బున్నా సరే జనరల్ వార్డే తీసుకోండని చెబుతాను. ఈ మాట అనడానికి నాకున్న అర్హత ఏమిటంటే, 2018లో హిందూపురం దగ్గర జరిగిన రోడ్డు ప్రమాదంలో నా వెన్నుపాము డీ10 (వీపు పదో పూస) దగ్గర దెబ్బతిన్నప్పుడు, బెంగళూరులోని ఒక రిహాబ్ ఆస్పత్రిలో మొదటి మూడు వారాలు ప్రత్యేక గదిలోనూ, తర్వాత మూడున్నర నెలలు ఆరు మంచాల వార్డులోనూ ఉన్నాను.

ఆ ప్రత్యేక గదిలో ఏసీ ఉంది, టీవీ ఉంది, తలుపు వేసుకుంటే ఎవరూ లోపలికి రారు. వచ్చిన తంటా అంతా ఆ చివరి సౌకర్యంతోనే. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట ఫిజియోథెరపీ ముగిశాక మిగిలిన రోజంతా నేనూ నా భార్యా ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చునేవాళ్లం. చేరిన రోజే నర్సు ఒక కాగితం ఇచ్చి, వీల్‌చైర్‌లో ఉన్నంతసేపూ ప్రతి అరగంటకూ రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి ఒంటిని పైకి లేపాలని, మంచం మీద ఉంటే రెండు గంటలకొకసారి పక్క మార్చాలని చెప్పింది. ఆ కాగితాన్ని గోడకు అంటించాం కూడా. అయితే ఎక్కం తెలియడం వేరు, అప్పజెప్పడం వేరు అని ఇరవయ్యేళ్లు పిల్లలకు చెప్పినవాణ్ని, నా విషయంలో మరిచిపోయాను. స్పర్శ ఉన్న మనిషి కుర్చీలో కూర్చుంటే తనకు తెలియకుండానే ఇటూ అటూ సర్దుకుంటూ ఉంటాడు. స్పర్శ పోయిన చోట ఆ సర్దుబాటు ఉండదు కనుక, ఎముకకూ కుర్చీకీ మధ్య చర్మం నలిగి, రక్తం ఆడక, వాత పెట్టినా తెలియని చోట పుండు పడుతుంది. నాకు మూడో వారంలో పడింది. మానడానికి రెండు నెలలు పట్టింది.

ఈలోగా డబ్బు అయిపోయి వార్డుకు మారవలసి వచ్చింది. ఆ రోజు నేను దాన్ని అవమానంగా భావించాను.

వార్డులో అడుగు పెట్టగానే (ఈ మాట మాకు వర్తించదు, కానీ భాషలో వేరే మాట లేదు) పక్క మంచం ఆయన ఊరూ పేరూ అడగకుండా, గోత్రం అడిగినట్టు, "సార్, మీదెంత?" అన్నాడు. డీ10 అన్నాను. "నాది డీ12. మీకంటె రెండు మెట్లు కింద," అని ఆయన గర్వంగా చెప్పుకున్నాడు. దెబ్బ ఎంత కిందికి ఉంటే ఒళ్లు అంత ఎక్కువ పనిచేస్తుంది మరి. పాలమూరు నుంచి వలస వచ్చిన సెంట్రింగ్ మేస్త్రి ఆయన. కట్టుబడిలో ఉన్న భవనం మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ఎదురు మంచం మీద ఆర్టీసీ కండక్టరుగారు, సీ6, అంటే మెడలో ఆరో పూస. కిటికీ పక్కన హోసూరు నుంచి వచ్చిన ఒక తమిళ పెద్దాయన, ఆయన పక్కన తుమకూరు కుర్రవాడు. ఆరో మంచం అబ్బాయి శిడ్లఘట్ట దగ్గరి పల్లెవాడు, హెల్మెట్ లేకుండా బండి నడిపి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. అతనికి కాళ్లూ చేతులూ అన్నీ పనిచేస్తాయి. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. "అమ్మా, మనం యాడుండాము?" అని గంటకు నాలుగుసార్లు అడిగేవాడు, ఆమె నాలుగుసార్లూ చెప్పేది.

నేను చేరిన మొదటి రోజు పది గంటలకు టంగున శబ్దమైంది. చూస్తే ఆ అబ్బాయి ఒక స్టీలు పళ్లేన్ని గరిటెతో కొడుతున్నాడు. వెంటనే మేస్త్రి "లేవుర్రి!" అని కేకవేశాడు. వార్డులో వీల్‌చైర్లలో ఉన్నవాళ్లందరూ చేతులు బిగించి, భుజాలు పైకి వచ్చి, ఒకేసారి కుర్చీల నుంచి నాలుగంగుళాలు లేచారు. కండక్టరుగారి చేతుల్లో అంత బలం లేదు కనుక ఆయన మాత్రం మోకాళ్ల మీదకు వంగి బరువును ముందుకు తెచ్చుకున్నాడు. మేస్త్రి ఇరవై దాకా లెక్కపెట్టాడు. అందరూ దిగారు. అబ్బాయి మెడలో వేలాడుతున్న చిన్న నోటుపుస్తకం తెరిచి, "10" అన్న అంకె ఎదురుగా టిక్కు పెట్టాడు. బడిలో గంట కొట్టడం, పిల్లలందరూ లేవడం ఎన్ని వేలసార్లు చూశానో చెప్పలేను కానీ, లేవలేనివాళ్లు గంటకు లేవడం అప్పుడే చూశాను.

ఆ పళ్లెం మేస్త్రిగారి భార్యది. ఆమె దానిలోనే అన్నం తినేది, కడిగి మళ్లీ అబ్బాయి మంచం మీద పెట్టేది. అబ్బాయికి ఆ పని అప్పగించాలన్న ఆలోచన మాత్రం అక్కడి ఆక్యుపేషనల్ థెరపిస్టుది (రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే నిపుణురాలు). అబ్బాయి వాళ్లది పట్టుపురుగులు పెంచే ఇల్లు. చిన్నప్పటి నుంచీ వేళకు లేచి పురుగులకు మల్బరీ ఆకు వేసిన చెయ్యి అతనిదని తల్లి ఎప్పుడో మాటల్లో చెప్పిందట. మెదడుకు దెబ్బ తగిలినవాళ్లలో కొత్త సంగతులు నిలవకపోయినా, మళ్లీ మళ్లీ చేసిన పని అలవాటుగా ఒంటికి పట్టే అవకాశం ఉంటుంది. అందుకే గడియారం చూడడం, పళ్లెం కొట్టడం, టిక్కు పెట్టడం అనే మూడు పనుల్ని గొలుసులా కలిపి థెరపిస్టు అతని చేత చేయించింది. నేను తొమ్మిదో తరగతి పిల్లలకు అంధపంగు న్యాయం అంటే గుడ్డివాడి భుజాల మీద కుంటివాడు ఎక్కి దారి చెప్పడమని పాఠం చెప్పేవాణ్ని. మా వార్డులో జ్ఞాపకం ఉన్నవాళ్లకు కాళ్లు లేవు, కాళ్లున్నవాడికి జ్ఞాపకం లేదు. అయినా దారి చూపించినవాడు జ్ఞాపకం లేనివాడే కనుక ఆ న్యాయం కూడా మాకు పూర్తిగా సరిపోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ అబ్బాయిని తల్లి గుడికి తీసుకువెళ్లింది. ఆదివారం థెరపీ ఉండదు. కండక్టరుగారి ఫోనులో క్రికెట్ మ్యాచి నడుస్తుండగా ఆ చిన్న తెర చుట్టూ మా వీల్‌చైర్లన్నీ చేరాయి. మూడు గంటలపాటు ఒక్కడూ లేవలేదు, లేవాలన్న ధ్యాస ఒక్కడికీ రాలేదు. జ్ఞాపకశక్తికి లోటులేని పెద్దమనుషులం అయిదుగురం, ఒక కుర్రవాడు పళ్లెం కొట్టకపోతే మా ఒంటి సంగతే మరిచిపోయాం. ఏడు గంటలకు నర్సు పొడవాటి పిడి ఉన్న అద్దం పట్టుకుని వచ్చి ఒక్కొక్కరి ఒళ్లూ చూసింది. హోసూరు పెద్దాయనకు తుంటి కింద రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ కనిపించింది. వేలితో నొక్కితే తెల్లబడలేదు. అలా తెల్లబడకపోతే అది పుండుకు మొదటి మెట్టు అని అర్థం. ఆయన్ను వెంటనే బోర్లా పడుకోబెట్టి, రెండు రోజులు కుర్చీ ఎక్కవద్దన్నారు.

అప్పుడే నుదుట కుంకుమతో అబ్బాయి వచ్చాడు. అలవాటు ప్రకారం గడియారం చూసి, పుస్తకం తెరిచి, మధ్యాహ్నం నాలుగు నుంచి ఖాళీగా ఉన్న గళ్లను చాలాసేపు చూస్తూ నిలుచున్నాడు. తప్పిపోయిన వేళకు దొంగ టిక్కు పెట్టకూడదని థెరపిస్టు నేర్పింది. అతను పెన్ను తీసి ఆ గళ్లన్నిటికీ అడ్డంగా ఏదో రాశాడు. తల్లి తీసుకుని చదివింది, మళ్లీ చదివింది, తర్వాత పుస్తకం నా చేతికిచ్చి, "మేష్ట్రూ, ఇది నేను చెప్పి రాయించింది కాదు," అంది. కోలారు, చిక్కబళ్లాపురం వైపు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం కనుక వాళ్లు తెలుగును కన్నడ లిపిలోనే రాస్తారు. హిందూపురంవాణ్ని కావడంతో నాకు ఆ అక్షరాలు చదవడం కష్టం కాలేదు. "గుడికి పోయింటిని" అని ఉంది. అప్పటికి అతను గుడి నుంచి బయలుదేరి గంటన్నర అయింది. మేం వార్డులో ఉన్న రోజుల్లో అతను తనంతట తాను గుర్తుపెట్టుకుని చెప్పిన మొదటి సంగతి అదే. ఏడున్నరకు పళ్లెం మోగింది. బోర్లా పడుకున్న పెద్దాయన లేవవలసిన పని లేకపోయినా, దిండులో ముఖం పెట్టుకునే ఒక చెయ్యి పైకెత్తాడు.

ఇప్పుడు చెప్పండి, తలుపు వేసుకునే గదిలో ఆ పళ్లెం మీ బావగారికి వినిపిస్తుందా?

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నేను చేరిన రెండో నెలలోనే నా భార్య, ఇక ఈయన బడికి వెళ్లేదేముందని, స్వచ్ఛంద పదవీ విరమణకు అర్జీ రాయించి సంతకం కోసం తెచ్చింది. కండక్టరుగారు ఎదురు మంచం మీది నుంచే "ఆ కాగితం చించెయ్యండమ్మా" అన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా అంగవైకల్యం వచ్చినవాణ్ని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి, అదీ లేకపోతే తగిన పోస్టు దొరికేవరకో పదవీ విరమణ వరకో అదనపు పోస్టులో ఉంచాలి. ఈ ముక్క నాకు ఏ డాక్టరూ చెప్పలేదు, నన్ను పరామర్శించడానికి వచ్చిన ఏ అధికారీ చెప్పలేదు. ఈ రోజుకీ నేను కింది అంతస్తు తరగతి గదుల్లో తెలుగు పాఠం చెబుతున్నాను. బడిలో నా కోసం కట్టిన ర్యాంపు గురించి మాత్రం అడగకండి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలని నేను రాసి ఇచ్చినా వాళ్లు జారుడుబల్ల కట్టారు. ఇద్దరు పిల్లలు వెనుక పట్టుకుంటే తప్ప దాని మీద దిగలేను.

వెన్నుపాము బాగవుతుందని ఆశపెట్టే స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ల విషయంలోనూ నాకు బుద్ధి చెప్పింది వార్డే. పరామర్శకు వచ్చిన ప్రతి బంధువూ ఎవరో ఒక డాక్టరు ఫోను నంబరు ఇచ్చి వెళ్లేవాడు. తుమకూరు కుర్రవాడి తండ్రి అంతకుముందే ఆ ఇంజెక్షన్ల కోసం పొలం అమ్ముకుని ఉన్నాడు, కొడుకు కాలి వేలు కూడా కదలలేదు. అధీకృత ప్రయోగ పరీక్షల్లో (క్లినికల్ ట్రయల్స్‌లో) భాగంగా తప్ప ఇటువంటి జబ్బులకు స్టెమ్ సెల్స్‌ను చికిత్సగా ఇవ్వకూడదని 2017లోనే జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. అవి చదివే ఓపిక నా బంధువులకు లేదు, నాకూ లేదు. ఆ తండ్రి ముఖం చూశాక చదవవలసిన పని కూడా లేకపోయింది.

వెంట ఉండేవాళ్ల సంగతి కూడా ఆలోచించండి. గదిలో ఉన్నన్నాళ్లూ నన్ను పక్కకు తిప్పడానికి నా భార్య భుజాలు పట్టి లాగేది, ఆమె నడుము పట్టేసింది. హోసూరు పెద్దాయన భార్యకు తెలుగు రాదు, నా భార్యకు తమిళం రాదు. ఆమె ఒక దుప్పటిని నాలుగు మడతలు వేసి నా కిందకు తోసి, దాని అంచు పట్టుకుని నన్ను దుంగలా ఎలా పొర్లించాలో చేసి చూపించింది. అయిదు నిమిషాల్లో పని నేర్పిపోయింది. సాయంత్రం వేళ బట్టలు ఆరవేసే వసారాలో ఆడవాళ్లందరూ కూర్చుని ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. లోపలికి వచ్చేటప్పుడు నా భార్య ముఖం మాత్రం తేటపడి ఉండేది. ప్రత్యేక గదిలో ఆ వసారా ఉండదు.

ప్రతి శనివారం సాయంత్రం మా అందరినీ హాల్లో కూర్చోబెట్టి పెద్ద డాక్టరుగారు ఏదో ఒకటి చెప్పేవారు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, గుట్‌మన్ అనే డాక్టరు ఇంగ్లండులోని తన ఆస్పత్రి ఆవరణలో వీల్‌చైర్లలో ఉన్న పదహారుమంది చేత విలువిద్య పోటీ ఆడించాడని, ఈనాటి పారాలింపిక్స్‌కు అదే బీజమని ఆయనే చెప్పారు. రాయవేలూరులో డాక్టర్ మేరీ వర్గీస్ గారు 1954లో కారు ప్రమాదంలో నడుము కింద కదలిక పోగొట్టుకుని కూడా, వీల్‌చైర్‌లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారని, 1966లో అక్కడ మొదలైన రిహాబ్ సంస్థ వెనుక ఆమె ఉన్నారని మరొక శనివారం చెప్పారు. అంతా విన్నాక మేస్త్రి లేచి (అంటే చెయ్యి ఎత్తి), "ఆమెను వార్డుల ఉంచిన్రా, రూములనా?" అని అడిగాడు. డాక్టరుగారు జవాబు చెప్పకుండా నవ్వారు.

నా వాదనకు ఒక మినహాయింపు ఉందని ఒప్పుకుంటాను. తలకు దెబ్బ తగిలి, స్పృహలోకి వచ్చాక కేకలు వేస్తూ, ట్యూబులు పీకేసుకునే దశలో ఉన్నవాళ్లకు వెలుతురూ చప్పుడూ తక్కువగా ఉండే గది అవసరం. శిడ్లఘట్ట అబ్బాయి కూడా ముందు అలాంటి గదిలోనే ఉండి వచ్చాడు. ఆ దశ దాటాక మళ్లీ వార్డే మంచిది. మీ బావగారికి దెబ్బ వెన్నుకే అంటున్నారు కనుక ఈ మినహాయింపు మీకు పట్టదు.

చేర్పించేటప్పుడు కిటికీ పక్క మంచం కోసం పోటీపడకండి. తలుపుకు దగ్గరగా, వీల్‌చైర్ తిప్పుకోవడానికి చోటున్న మంచం అడగండి. వార్డులో అరగంటకొకసారి గంట కొట్టే ఏర్పాటు ఉందో లేదో మొదటి రోజే చూడండి. లేకపోతే ఇంటి నుంచి ఒక స్టీలు పళ్లెం తీసుకువెళ్లండి, అంచు మందంగా ఉన్నదైతే శబ్దం బాగా వస్తుంది.