చిన్న ఊళ్లలో ఎకో కాంట్రాక్టులు: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. గుండె స్కానింగ్ చేసే ఎకో టెక్నీషియన్‌గా ఆర్‌డీసీఎస్ సర్టిఫికెట్ సంపాదించి, పద్నాలుగు నెలలుగా ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేస్తోంది. మా ఇంట్లోనే ఉంటుంది, అద్దె ఏమీ తీసుకోవడం లేదు. ఇప్పుడు ఆ ఉద్యోగం మానేసి ఒక్లహోమా, కాన్సస్, అర్కన్సాలలోని చిన్న ఊళ్లకు పదమూడు వారాల కాంట్రాక్టుల మీద వెళ్తానంటోంది. అక్కడ ఇళ్ల అద్దెలు తక్కువ, వచ్చే డబ్బు ఎక్కువ, రెండేళ్లలో చదువు అప్పు తీరిపోతుందని లెక్క వేసి చూపించింది. ఆ లెక్క నిజమేనా అని నా అనుమానం. తెలియని ఊళ్లో పిల్ల ఒంటరిగా ఎలా ఉంటుందని మా ఆవిడ దిగులు. మీ సలహా కావాలి.

జవాబు: అయ్యా, నా అభిప్రాయం ముందే చెబుతాను. పంపండి, కానీ ఇప్పుడే కాదు. ఇంకో ఎనిమిది నెలలు ఆగనివ్వండి. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను పదకొండేళ్లు ఎకో గదిలోనే ఉన్నాను. అందులో నాలుగేళ్లు ఇలాంటి కాంట్రాక్టుల మీదే తిరిగాను. కాబట్టి ఇదంతా చేసి చూసి చెబుతున్న మాట.

అమ్మాయి వేసిన లెక్క తప్పు కాదు. అందులో ఒక గడి మాత్రం ఖాళీగా ఉంది.

ఆసుపత్రులకు ఇలా కాంట్రాక్టు మీద మనుషుల్ని పంపే ఏజెన్సీ వాళ్లు వారానికి ఇంత అని చెప్పే అంకెలో రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి గంటల లెక్కన ఇచ్చే జీతం. దాని మీద పన్ను పడుతుంది. రెండోది బసకూ భోజనానికీ ఇచ్చే భత్యం. షరతులు కుదిరితే దాని మీద పన్ను ఉండదు. ఈ భత్యానికి ఏజెన్సీలు జీఎస్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ ప్రకటించే రేట్లను పైహద్దుగా పెట్టుకుంటాయి. పెద్ద నగరాలకు వేరే రేట్లు ఉంటాయి. జాబితాలో విడిగా పేరు లేని చిన్న ఊళ్లన్నిటికీ ఒకటే సాధారణ రేటు. 2025 ఆర్థిక సంవత్సరంలో అది రోజుకు బసకు 110 డాలర్లు, భోజనం, చిల్లర ఖర్చులకు 68 డాలర్లు. అంటే వారానికి 1,246 డాలర్లు. ఏజెన్సీ అంతా ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు, అడిగి బేరమాడాలి.

చవక ఊళ్ల ఆకర్షణ ఇక్కడే ఉంది. వారానికి 2,200 డాలర్ల కాంట్రాక్టు అనుకుందాం. అందులో 1,100 భత్యం, 1,100 జీతం. పదమూడు వారాలకు భత్యమే 14,300 అవుతుంది. సామాను అమర్చిన గది నెలకు 1,100కు దొరికితే మూడు నెలల అద్దె 3,300. తిండి, పెట్రోలు తీసేసినా గణనీయంగా మిగులుతుంది. తీరప్రాంత మహానగరంలో భత్యం ఇంతకన్నా ఎక్కువే రావచ్చు. అయితే వచ్చింది వచ్చినట్టు ఇంటి యజమాని చేతికి పోతుంది. మీ అమ్మాయి ఈ తేడాను సరిగ్గానే పట్టుకుంది.

ఇప్పుడు ఆ ఖాళీ గడి సంగతి. దాని పేరు ట్యాక్స్ హోమ్, అంటే పన్ను లెక్కలో మనిషి సొంత ఊరు. పని కోసం ఊరు వదిలి వెళ్లిన మనిషి ఇక్కడొక ఇంటి ఖర్చు, అక్కడొక ఇంటి ఖర్చు మోస్తుంది కాబట్టే ఆ భత్యానికి పన్ను మినహాయింపు. మీ ఇంట్లో ఉచితంగా ఉంటున్న పిల్లకు ఇక్కడ ఖర్చే లేదు. డల్లాస్‌లో ఉద్యోగం కూడా మానేసిందంటే, పన్ను వసూలు చేసే ఐఆర్‌ఎస్ దృష్టిలో ఆమె ఎక్కడ పనిచేస్తే అదే ఆమె ఊరు. అప్పుడు భత్యం మొత్తం పన్నుకు లోబడే ఆదాయమవుతుంది. ఐఆర్‌ఎస్ మూడు విషయాలు చూస్తుంది: ఇంటి పరిసరాల్లో ఏదైనా పని చేస్తోందా, రెండు చోట్లా ఖర్చు భరిస్తోందా, సొంత చోటును వదిలేయకుండా వచ్చిపోతోందా. మూడూ ఉంటే భయం లేదు. రెండుంటే పరిస్థితిని బట్టి చూస్తారు. ఒక్కటే ఉంటే ఆమెను దేశదిమ్మరి కింద లెక్కగడతారు. యాభై మైళ్లు దాటి వెళ్తే చాలని రిక్రూటర్లు చెప్పే మాటను నమ్మవద్దు. అది ఏజెన్సీలు తమ కోసం పెట్టుకున్న గీత, పన్ను చట్టంలోది కాదు.

దీనికి మీ ఇంట్లోనే పరిష్కారం ఉంది. అమ్మాయి ఇప్పటి ఆసుపత్రిలో ఉద్యోగం పూర్తిగా వదలకుండా, అవసరమైనప్పుడు పిలిస్తే వచ్చే పీఆర్‌ఎన్ ఉద్యోగానికి మారమనండి. కాంట్రాక్టుల మధ్య ఖాళీ వారాల్లో నాలుగు షిఫ్టులు చేసినా మేలే. మీ ఇంట్లో గదికి మార్కెట్‌లో ఉన్న అద్దె కాగితం మీద రాసుకుని నెలనెలా చెక్కు రాయమనండి. ఆ అద్దెను మీరు మీ ఆదాయంలో చూపించాలి. కన్నకూతురి దగ్గర అద్దె తీసుకోవడమా అని మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. కానీ పేరుకు వంద డాలర్లు రాసుకుంటే అది నిలబడదు. ఒకే ఊళ్లో ఏడాది దాటి ఉండే ఉద్దేశం ఏర్పడితే ఆ క్షణం నుంచే మినహాయింపు పోతుందని కూడా గుర్తుంచుకోమనండి. ఇలాంటి కాంట్రాక్టుల లెక్కలు చేసే అలవాటున్న అకౌంటెంటును బయలుదేరే ముందే కలవాలి, పన్ను లెక్కలు దాఖలు చేసే ఏప్రిల్‌లో కాదు.

ఇంకో రెండు కోతలు ఉన్నాయి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి అక్కడా ఉండదనుకోవద్దు. ఒక్లహోమాలో, కాన్సస్‌లో, అర్కన్సాలో సంపాదించిన జీతం మీద ఆ రాష్ట్రాల పన్ను పడుతుంది. రెండోది, పన్ను పడే జీతం తక్కువగా చూపించిన కొద్దీ రేపు ఇంటి అప్పుకు వెళ్లినప్పుడు బ్యాంకు చూసే ఆదాయం తగ్గుతుంది, వృద్ధాప్య పింఛనుకు లెక్కయ్యే సోషల్ సెక్యూరిటీ ఖాతాలో నమోదయ్యేదీ తగ్గుతుంది. అప్పు తీర్చడానికి రెండేళ్లు చేస్తే నష్టం లేదు. పదేళ్లు చేస్తే తెలుస్తుంది.

కాంట్రాక్టు అంటే పదమూడు వారాలూ పని గ్యారంటీ అనుకోవడం నేను చేసిన పొరపాటు. నా మొదటి ఊళ్లో మూడు నెలలకు అద్దె ఒప్పందం రాసుకున్నాను. అయిదో వారంలో ఆసుపత్రికి పర్మనెంటు మనిషి దొరికాడు. శుక్రవారం సాయంత్రం ఫోను చేసి సోమవారం రావద్దన్నారు. మిగిలిన రెండు నెలల అద్దె నా జేబులోంచే పోయింది. వారానికి ఇన్ని గంటల పని తప్పనిసరి అన్న హామీ, ముందుగా రద్దు చేస్తే ఎన్ని రోజుల నోటీసు, ఆరోగ్య బీమా ఏ రోజున ఆగిపోతుంది, ఈ మూడూ కాగితం మీద ఉంటేనే సంతకం పెట్టాలి. అద్దె ఇల్లు మాత్రం నెలనెలా వదిలేసేలా మాట్లాడుకోవాలి.

డబ్బు సంగతి ఇంత. నేను ఎనిమిది నెలలు ఆగమన్నది డబ్బు కోసం కాదు.

ఆ ఊళ్లలో పాతిక పడకలకు మించని ఆసుపత్రులు చాలా ఉంటాయి. పల్లె ప్రాంతాల్లో వైద్యం అందకుండా పోతుందని 1997లో తెచ్చిన చట్టం కింద క్రిటికల్ యాక్సెస్ ఆసుపత్రులుగా గుర్తింపు పొందినవి అవి. కాన్సస్‌లో అలాంటి ఒక చోట నేను పనిచేస్తున్నప్పుడు, ఒక చలికాలం రాత్రి పదకొండున్నరకు ఫోను వచ్చింది. అరవై దాటిన రైతు. ఆయాసంతో వెల్లకిలా పడుకోలేకపోతున్నాడు. ఎడమ పక్కకు తిప్పడం కుదరలేదు. తలవైపు ఎత్తిన మంచం మీదే, రొమ్ము ఎముక కింద జెల్ రాసి, స్కానింగ్ చేసే చేతి పరికరం ప్రోబ్ ఆనించాను. గుండె చుట్టూ నల్లటి పట్టీ. గుండె విప్పారాల్సిన క్షణంలో కుడి జఠరిక గోడ లోపలికి సొట్టపడుతోంది. కాలేయం దగ్గర గుండెలోకి వెళ్లే పెద్ద సిర ఊపిరి పీల్చినప్పుడు ముడుచుకోవాలి. అది ఉబ్బి అలాగే నిలిచిపోయింది. గుండె సంచిలో చేరిన నీరు గుండెను నొక్కేస్తోందని చెప్పడానికి అంతకన్నా గుర్తులు అక్కర్లేదు.

కానీ రోగ నిర్ధారణ చేసే అధికారం టెక్నీషియన్‌కు లేదు. ఎకో చదవాల్సిన కార్డియాలజిస్టు వంద మైళ్ల దూరంలో నిద్రలో ఉన్నాడు. చిత్రాలు పంపేసి పొద్దున చదువుతారులే అని వెళ్లిపోయే వీలూ లేదు. డ్యూటీ డాక్టరును తెర దగ్గరికి పిలిచి ఏం కనిపిస్తోందో వేలు పెట్టి చూపించాను. కార్డియాలజిస్టును నిద్ర లేపాను. మంచం మీది మనిషి నా మొహం వైపే చూస్తూ ‘ఏమైనా ఉందా?’ అని అడిగాడు. ‘డాక్టరు గారు ఇప్పుడే వచ్చి మీతో మాట్లాడతారు’ అన్నాను. గంటన్నర తర్వాత హెలికాప్టర్ వచ్చి ఆయన్ను కాన్సస్‌లోని పెద్ద నగరం విచిటాకు తీసుకెళ్లింది.

పెద్ద ఆసుపత్రిలో ఇలాంటిది ఎదురైతే పక్క గదిలో సీనియర్ ఉంటారు, ఒకసారి వచ్చి చూడండంటే చాలు. కాంట్రాక్టు మీద వెళ్లిన చోట ఎకో చేసేది ఆమె ఒక్కతే కావచ్చు. పద్నాలుగు నెలల్లో చెయ్యి కుదురుకుంటుంది, చిత్రాలు చక్కగా వస్తాయి. తన కంటి మీద తనకు నమ్మకం కుదిరి, అర్ధరాత్రి డాక్టరును నిస్సంకోచంగా లేపడానికి ఇంకొంత కాలం పడుతుంది. ఏజెన్సీల్లో చాలావరకు ఏడాది నుంచి రెండేళ్ల అనుభవం అడుగుతాయి. ఏడాదికే తీసుకునేవాళ్లు దొరుకుతారు. దొరికినా వద్దంటాను.

ఈ ఎనిమిది నెలల్లో రాత్రి, వారాంతపు కాల్ డ్యూటీలు, అంటే ఫోను వస్తే వెళ్లాల్సినవి, తనే అడిగి వేయించుకోమనండి. వేర్వేరు కంపెనీల యంత్రాల మీద చేయి తిరగాలి, ఎందుకంటే కొత్త చోట యంత్రం చూపించి మర్నాటికే రోగుల్ని పంపిస్తారు. మెడ ధమనుల స్కానింగ్, కాళ్ల సిరల్లో రక్తం గడ్డల కోసం చేసే స్కానింగ్ నేర్చుకుంటే చాలా మంచిది. చిన్న ఆసుపత్రులు గుండె, రక్తనాళాల స్కానింగులు రెండూ చేయగల ఒక్క మనిషి కోసమే వెతుకుతాయి. వీలైతే రక్తనాళాల సర్టిఫికెట్ పరీక్ష కూడా రాసేయమనండి. ఆమె చెప్పిన మూడు రాష్ట్రాల్లో ఎకో టెక్నీషియన్‌కు రాష్ట్ర లైసెన్సు అవసరం లేదు, ఆర్‌డీసీఎస్ ఉంటే చాలు. ఓరెగాన్, న్యూ మెక్సికో, నార్త్ డకోటాల వైపు మనసు మళ్లితే మాత్రం లైసెన్సుకు ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇంటర్వ్యూలో జీతం తర్వాత అడగవచ్చు. రోజుకు ఎన్ని ఎకోలు, కాల్ వస్తే ఎన్ని నిమిషాల్లో చేరాలి, చిత్రాలు ఎవరు చదువుతారు, రాత్రిపూట ఎవరికి ఫోను చేయాలి, చిత్రం స్పష్టంగా రావడానికి సిరలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు ఇవ్వాల్సి వస్తే సూది ఎవరు వేస్తారు, ఇవి ముందు. పరుపులో ఎడమ రొమ్ము దగ్గర ముక్క కిందికి దిగే ఎకో మంచం ఉందా అని తప్పకుండా అడగమనండి. అది లేకపోతే భారీ మనిషి గుండె కొన అందుకోవడానికి చెయ్యి చాచి, మణికట్టు మెలితిప్పి నొక్కాలి. ఈ వృత్తిలో నొప్పితోనే పనిచేస్తున్నామని చెప్పేవాళ్లు సర్వేల్లో పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది. నా కుడి భుజం ఇప్పటికీ తల మీదికి పూర్తిగా లేవదు. నేను ఎకో గది వదలడానికి అదే కారణం. ఇరవైల్లో ఉన్న పిల్లకు ఈ మాట పట్టదు, మీరు పట్టించాలి.

అమ్మగారి దిగులుకు నా దగ్గర ఉన్న జవాబు ఇది. ‘ట్రావెలింగ్’ అంటే ఇంకో రకం కూడా ఉంది. కొన్ని సంస్థలు మోసుకెళ్లగల చిన్న యంత్రం ఇచ్చి, రోజుకో ఊరి క్లినిక్కుకు పంపిస్తాయి. పర్మనెంటు ఉద్యోగం, రాత్రికి ఇంటికి వచ్చేయవచ్చు. భత్యం లాభం ఉండదు కానీ ఒంటరిగా పనిచేయడం అలవాటవుతుంది. ఇల్లు దాటడం ఇద్దరికీ కష్టంగా ఉంటే మొదట ఆ దారి చూడవచ్చు.

కాంట్రాక్టుకే వెళ్తానంటే మొదటిది ఒక్లహోమాలోని తుల్సా చుట్టుపక్కల వెతకమనండి. డల్లాస్ నుంచి కారులో సుమారు నాలుగు గంటలు. మొదటి వారం మీరిద్దరూ వెంట వెళ్లి గది చూసి, ఆసుపత్రికి రాత్రిపూట వెళ్లే దారి ఒకసారి కారులో తిరిగి రండి. కాల్ లేని వారాంతాలు ఏవో ఒప్పందంలోనే రాయించుకుంటే, ఆ శుక్రవారాలు డ్యూటీ దిగి బయలుదేరి రాత్రికి ఇంటికి చేరుతుంది. వచ్చిన ప్రతిసారీ పెట్రోలు రసీదులు ఒక కవరులో దాచమనండి. సొంత చోటు వదిలేయలేదని ఐఆర్‌ఎస్‌కు చూపించాల్సి వస్తే అవే సాక్ష్యం.