రీకాల్ ఆపితే చాలదు, పాత బొమ్మలూ తుడవాలి

అన్నా, అనంతపురంలో మీ నెట్ సెంటర్‌కు కొన్న కోపైలట్ ప్లస్ ల్యాప్‌టాప్ కస్టమర్ల ఆధార్‌ను ఫొటో తీసి పెట్టుకుంటోందా అని అడిగినారు కదా. అది విండోస్‌లో ఉండే రీకాల్ అనే ఫీచర్ పని. ఎవరైనా ఆన్ చేసుంటేనే కొన్ని సెకన్లకొకసారి తెర బొమ్మ (స్నాప్‌షాట్) తీసి, ఆ ల్యాప్‌టాప్‌లోనే దాస్తుంది.

సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో రీకాల్ అండ్ స్నాప్‌షాట్స్ తెరిచి 'సేవ్ స్నాప్‌షాట్స్' ఆపండి. అంతటితో పాతవి పోవు. 'డిలీట్ స్నాప్‌షాట్స్' కింద 'డిలీట్ ఆల్' కూడా నొక్కాలి. చాలామంది మరిచేది ఇదే. పూర్తిగా పీకేయాలంటే స్టార్ట్‌లో 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్' వెతికి, రీకాల్ పక్కన టిక్ తీసి రీస్టార్ట్ చేయండి. రీకాల్‌లో సున్నితమైన సమాచారాన్ని వడకట్టే ఫిల్టర్ ఉంది గానీ, దాన్నే నమ్ముకోవద్దు.

నన్నడిగితే, డౌన్‌లోడ్స్‌లో మిగిలిపోయే ఆధార్ పీడీఎఫ్‌లే దీనికన్నా ప్రమాదం. షాపు మూసేముందు అవీ తీసేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి.