యూరప్ చిరుతిళ్ల బజారు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు యూరప్ చిరుతిళ్ల గురించే. అక్కడికి సరుకు పంపాలనుకునేవారు, అక్కడ చదువుకుంటూ ప్యాకెట్లు కొనుక్కునేవారు, ఇక్కడే చిప్స్ వేయించేవారు రాశారు. అక్కడి అల్మారాల్లో సరుకు మారుతున్నది కొత్త రుచుల వల్ల కొంత, నిబంధనల వల్ల చాలా. అందుకే జవాబుల్లో అంకెలు ఎక్కువగా ఉంటాయి.

ప్రశ్న: జంతికలు, చెక్కలు, పల్లీపట్టీ తయారుచేస్తాం. జర్మనీలో ఇండియన్ దుకాణాలకు సరుకు వేసే వ్యాపారి నమూనాలు అడిగారు. అక్కడివాళ్ల కోసం రుచి మార్చాలా? ఇంకేం చూసుకోవాలి? (గుంటూరు)

మీ సరుకు వెళ్లేది మనవాళ్ల దుకాణాలకు కాబట్టి రుచి జోలికి వెళ్లకండి. పెద్ద సూపర్‌మార్కెట్ల సంగతి వేరు. జర్మనీలో చిప్స్ అంటే మొదట పాప్రికా రుచే, అందులో కారం నామమాత్రం. అతి కారం మీద అక్కడ అధికారులకు భయం కూడా ఉంది. 2024 జూన్‌లో డెన్మార్క్ మూడు రకాల కొరియన్ నూడుల్స్‌ను కారం మోతాదు ఎక్కువైందని వెనక్కి రప్పించింది, తర్వాత వాటిలో రెండింటిని మళ్లీ అనుమతించింది.

మీరు శ్రద్ధ పెట్టాల్సింది ముడిసరుకు మీద. మొదటిది పల్లీలు. నేరుగా తినే పల్లీల్లో బూజు వల్ల పుట్టే విషం అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 2 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 4 మైక్రోగ్రాములు దాటకూడదని యూరోపియన్ యూనియన్ పరిమితి. ఇది మన దేశపు పరిమితి కంటే బాగా తక్కువ. ఇక్కడ పరీక్షలో నెగ్గిన సరుకే అక్కడి రేవులో ఆగిపోవడానికి కారణం ఇదే. వేయించినంత మాత్రాన ఈ విషం పూర్తిగా పోదు. బూజు చేనులోనే మొదలవుతుంది, కాయ సరిగా ఎండకుండా బస్తాకెక్కితే పెరుగుతుంది. గింజలో తేమ 7 శాతం దగ్గర ఉన్న సరుకే కొనండి. ముడతలు పడినవి, రంగు మారినవి, పగిలినవి ఏరివేయించండి, ఎందుకంటే విషమంతా ఆ కొద్ది గింజల్లోనే పోగుపడి ఉంటుంది. ఒక బస్తాలోంచి గుప్పెడు తీసి పరీక్షకు పంపితే ఫలితానికి అర్థం లేదు. లాట్ అంతటా చాలా చోట్ల నుంచి తీసి, కలిపి, మెత్తగా రుబ్బాకే నమూనా తీయాలి. ఇంకో మెలిక: కొన్ని రకాల మిఠాయి, బిస్కెట్ సరుకుల్లో పల్లీల వాటా 20 శాతం దాటితే విడి పల్లీలకు ఉన్న ధ్రువపత్రం, తనిఖీ వాటికీ వర్తిస్తాయి. పల్లీపట్టీలో సగానికి పైనే పల్లీలు కాబట్టి, మీ సరుకు ఏ కస్టమ్స్ కోడ్ కిందికి వస్తుందో దిగుమతిదారుతో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. ఆ తనిఖీ జాబితాను కనీసం ఆరు నెలలకోసారి సవరిస్తారు. పోయినేడాది కాగితం చూసి ఈ ఏడాది సరుకు ఎక్కించకండి.

రెండోది నువ్వులు. 2020 సెప్టెంబరులో బెల్జియం ఇచ్చిన హెచ్చరికతో, భారతదేశం నుంచి వెళ్లిన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని బయటపడింది. బ్రెడ్డు దగ్గర నుంచి బిస్కెట్ల దాకా, ఆ నువ్వులు పడిన సరుకులను యూరప్ అంతటా వెనక్కి తీసుకున్నారు. సాల్మొనెల్లా బ్యాక్టీరియాను చంపడానికి కొట్టే వాయువు అది. నువ్వుల్లో పరిమితి కిలోకు 0.05 మిల్లీగ్రాములు, మసాలా దినుసుల్లో 0.1. వాయువు ఎగిరిపోతుందిలే అనుకుంటే పొరపాటు. అది 2-క్లోరోఇథనాల్‌గా మారి గింజలోనే ఉండిపోతుంది, పరీక్షలో రెండింటినీ కలిపి లెక్కిస్తారు. ఆవిరితో శుద్ధిచేసిన నువ్వులు కొనండి. ఆ మాట ఇన్వాయిస్ మీద రాయించుకోండి.

కారం విషయంలో రెండు పరీక్షలు తప్పవు: అఫ్లటాక్సిన్, ఎరుపు కోసం కల్తీ చేసే సూడాన్ రంగులు. బి1 పరిమితి 5, మొత్తం 10 మైక్రోగ్రాములు. 2003లో మన దేశపు కారంలో సూడాన్-1 రంగును ఫ్రాన్స్ పట్టుకున్నప్పటి నుంచి ఈ గాలింపు ఆగలేదు. మీకు స్పైసెస్ బోర్డు ప్రయోగశాల గుంటూరులోనే ఉంది. పొడి కొనడం మాని, మిరపకాయలు కొని మీరే మర పట్టించుకుంటే సగం బెంగ తీరుతుంది.

వెన్న జంతికలు, నేతి సరుకు ఈ విడతకు వద్దు. పాల పదార్థం కలిసిన తినుబండారంలో ఆ పాలు యూరోపియన్ యూనియన్ ఆమోదించిన ప్లాంటు నుంచే రావాలి. నూనెతో చేసినవే పంపండి, అది కూడా వనస్పతి కాకుండా. 2021 ఏప్రిల్ 1 నుంచి అక్కడ కొవ్వులో ట్రాన్స్‌ఫ్యాట్ 100 గ్రాములకు 2 గ్రాములు దాటకూడదు.

ఇక లేబుల్. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. అలర్జీ కలిగించే 14 పదార్థాలను పదార్థాల జాబితాలో ముద్ద అక్షరాలతోనో, మరో విధంగానో కొట్టొచ్చినట్టు చూపాలి. వాటిలో పల్లీలు, నువ్వులతో పాటు ఆవాలూ ఉన్నాయి. బజారు ఇంగువలో గోధుమపిండో మైదానో కలుస్తుంది. అంటే మీ బియ్యప్పిండి జంతికల లేబుల్ మీద కూడా గోధుమ కనిపించాలి. ‘గ్లూటెన్ లేదు’ అని ముద్రించి, లోపల ఇంగువ వేస్తే సరుకంతా వెనక్కి రప్పించాల్సిందే. అక్షరాల్లో చిన్న ఎక్స్ ఎత్తు కనీసం 1.2 మిల్లీమీటర్లు ఉండాలి, భాష జర్మన్ కావాలి, దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. మనం సోడియం రాస్తాం, అక్కడ ఉప్పు రాయాలి: సోడియంను 2.5తో హెచ్చించండి. 900 మిల్లీగ్రాముల సోడియం అంటే 2.25 గ్రాముల ఉప్పు. రంగులు అసలే వాడకండి. టార్ట్రజైన్, సన్‌సెట్ ఎల్లో సహా ఆరు రంగుల్లో ఏది ఉన్నా, పిల్లల చురుకుదనం మీద, ఏకాగ్రత మీద చెడు ప్రభావం ఉండవచ్చన్న హెచ్చరిక 2010 జూలై నుంచి తప్పనిసరి. ఆ వాక్యం ఉన్న ప్యాకెట్టును ఏ తల్లీ బుట్టలో వేసుకోదు.

ఎర్రసముద్రం దారి కాదని ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్తే రెండు వారాల దాకా అదనం. నూనె మక్కు వాసన రాకుండా ఆరు నెలలు నిలిచేలా నైట్రోజన్ నింపిన ప్యాకింగ్ పెట్టుకోండి.

ప్రశ్న: ఇక్కడి దుకాణాల్లో ఎక్కడ చూసినా సెనగ చిప్స్, మసూర్ పప్పు చిప్స్. బంగాళదుంప చిప్స్ కంటే ఇవి నిజంగా మేలా? (లండన్‌లో చదువుతున్న పాఠకురాలు)

కొంత మేలే, అట్టమీది బొమ్మ చెప్పినంత కాదు. వీటి వెనక ఆరోగ్యం మీద కోరికతో పాటు మీ దేశపు చట్టం కూడా ఉంది. బ్రిటన్‌లో 100 గ్రాముల ఆహారానికి కేలరీలు, సంతృప్త కొవ్వు, చక్కెర, సోడియం లెక్కన పాయింట్లు వేసి, పీచు, ప్రొటీన్, పండ్లు, కూరగాయల లెక్కన తీసివేస్తారు. చట్టం పేర్కొన్న రకాల్లో 4 గానీ అంతకు మించి గానీ వస్తే, 2022 అక్టోబరు నుంచి పెద్ద దుకాణాల్లో ఆ సరుకును గుమ్మం దగ్గర, బిల్లు కౌంటర్ దగ్గర పెట్టకూడదు. దారిలో కనబడి కొనేసే సరుకుకు అది పెద్ద దెబ్బ. పప్పుపిండిలో పీచు, ప్రొటీన్ ఉంటాయి కాబట్టి అది ఆ పాయింట్లను కిందికి లాగుతుంది. ఫ్రాన్స్‌లో 2017లో, జర్మనీలో 2020లో వచ్చిన న్యూట్రి-స్కోర్‌దీ (ప్యాకెట్టు ముందు ఎ నుంచి ఇ దాకా అక్షరంతో పోషక విలువ చూపే గుర్తు) ఇదే వరస లెక్క.

ప్యాకెట్టు తిప్పి మూడు చూడండి. పేరులో పప్పు ఉంటే దాని శాతం రాయడం తప్పనిసరి. చాలావాటిలో సగం కూడా ఉండదు, తక్కినది బంగాళదుంప స్టార్చ్, బియ్యప్పిండి, నూనె. రెండోది కొవ్వు. మామూలు బంగాళదుంప చిప్స్‌లో 100 గ్రాములకు 30 నుంచి 35 గ్రాములు ఉంటుంది. ఆవిరి ఒత్తిడితో పొంగించిన పప్పు చిప్స్‌లో 20 లోపు ఉంటే కొనండి. నూనెలో వేయించిన పప్పు చిప్స్‌లో తేడా పెద్దగా మిగలదు. మూడోది ప్రొటీన్. యూరప్ నిబంధన ప్రకారం ‘ప్రొటీన్ ఉంది’ అనాలంటే మొత్తం కేలరీల్లో 12 శాతం, ‘అధిక ప్రొటీన్’ అనాలంటే 20 శాతం ప్రొటీన్ నుంచి రావాలి. 100 గ్రాములకు 450 కేలరీలు ఉంటే అది 13.5 గ్రాములు, 22.5 గ్రాములు అవుతుంది. ‘కొవ్వు తగ్గించాం’ అన్న మాటకు కనీసం 30 శాతం తగ్గి ఉండాలి. దేనికంటే తగ్గిందో కూడా ప్యాకెట్టు మీద రాసి ఉంటుంది, అది చదవండి.

వేయించిన సెనగలు దొరికితే ఈ చిప్స్ అన్నిటికంటే అవే మంచివని మా అభిప్రాయం. నూనె దాదాపు ఉండదు, వంద శాతం గింజే.

ప్రశ్న: చిప్స్ బట్టీ ఉంది. యూరప్ చిప్స్ అంత లేత రంగులో ఎలా ఉంటాయి? మావి కొన్ని నెలల్లో గోధుమ రంగుకు తిరుగుతున్నాయి. (హైదరాబాద్)

తప్పు మీ నూనెలో కాక దుంప నిల్వలో ఉండి ఉంటుంది. కూరకు వాడే దుంపను 2 నుంచి 4 డిగ్రీల కోల్డ్ స్టోరేజీలో ఉంచుతారు. ఆ చలికి స్టార్చ్ చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర, దుంపలో ఉండే ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం 120 డిగ్రీలు దాటిన వేడిలో కలిస్తే గోధుమ రంగుతో పాటు అక్రిలమైడ్ పుడుతుంది. క్యాన్సర్ భయమున్న పదార్థం కాబట్టే యూరోపియన్ యూనియన్ 2018 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టి, చిప్స్‌కు కిలోకు 750 మైక్రోగ్రాముల ప్రమాణం నిర్ణయించింది. అది దాటితే తయారీదారు తన పద్ధతిని సరిదిద్దుకుని చూపాలి.

కుఫ్రి చిప్సోనా లాంటి చిప్స్ రకమే కొనండి, 10 నుంచి 12 డిగ్రీల్లో ఉంచినదా అని అడగండి. ప్రతి లాట్ నుంచి పది దుంపలు తీసి, మధ్యలోంచి ఒక్కో ముక్క కోసి వేయించి చూడండి. రెండు కంటే ఎక్కువ ముక్కలు నల్లబడితే ఆ లాట్‌ను చిప్స్‌కు వాడకండి. చల్లగా వచ్చిన దుంపను 15 నుంచి 20 డిగ్రీల్లో రెండు మూడు వారాలు ఉంచితే కొంత చక్కెర తగ్గుతుంది, పూర్తిగా కోలుకుంటుందన్న హామీ లేదు. ముక్క మందం 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్లు ఉండాలి. పలచబారితే అంచు మాడుతుంది. పై పిండి పోయేదాకా నీళ్లలో కడగండి, అవసరమైతే 70 నుంచి 80 డిగ్రీల నీటిలో రెండు మూడు నిమిషాలు ముంచి తీయండి. నూనె 175 డిగ్రీలు దాటనివ్వకండి, ముక్కలు బయటికి తీసేసరికి 160 దగ్గరుంటే మేలు. అలాగని మరీ చల్లటి నూనెలో వేస్తే ముక్క నూనె పీలుస్తుంది. ఒకేసారి బాణలి నిండా పోయడం వల్ల జరిగేది అదే.

మొలకలు రాకుండా ఇక్కడ కొట్టే క్లోర్‌ప్రోఫామ్‌ను యూరప్ 2020 అక్టోబరుతో ఆపేసింది. అక్కడ పుదీనా జాతి స్పియర్‌మింట్ నూనె, ఇథిలీన్ వాయువు లాంటివి వాడుతున్నారు. ఎగుమతి ఆలోచన ఉంటే ఈ మందు అవశేషాన్ని కూడా పరీక్షించుకోండి.

ప్రశ్న: యూరప్ చిప్స్, బిస్కెట్లలో పురుగుల పిండి కలుపుతున్నారని వాట్సాప్‌లో వస్తోంది. మేం శాకాహారులం, ఎలా తెలుసుకోవాలి? (మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉన్నాడు – రాజమహేంద్రవరం)

దొంగచాటుగా కలపడానికి వీల్లేదు. 2021 నుంచి కొన్ని పురుగులను ఆహారంగా అనుమతించిన మాట నిజమే, అయితే పదార్థాల జాబితాలో పేరు రాయాలి, రొయ్యల అలర్జీ ఉన్నవారికి హెచ్చరిక ఉండాలి. అకేటా డొమెస్టికస్ అంటే కీచురాయి, టెనెబ్రియో మోలిటర్ అంటే పిండిపురుగు. ఈ సరుకులు ఖరీదైనవి, తామేమిటో గట్టిగా చెప్పుకునే అమ్ముడవుతాయి.

మీ అబ్బాయి అసలు జాగ్రత్తపడాల్సినవి వేరే. ఇ-120 అంటే పురుగు నుంచి తీసే ఎర్ర రంగు. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది, గమ్మీ మిఠాయిల్లో ఎక్కువ. ఇ-904 లక్క పురుగు నుంచి వచ్చే మెరుపు పూత. ఇ-471 మొక్కల నుంచీ, జంతువుల నుంచీ రావచ్చు, లేబుల్ చూసి చెప్పలేం. చీజ్ రుచి చిప్స్‌లోని చీజ్‌కు పాలను గడ్డకట్టించే, దూడ కడుపులోని రెనెట్ వాడారేమో కూడా లేబుల్ చెప్పదు. పసుపు గుండ్రంలో ఆకుపచ్చ వి గుర్తు, దాని కింద వెజిటేరియన్ అని ఉన్న ప్యాకెట్టు కొంటే ఈ రెండు చిక్కులూ ఉండవు.

ప్రశ్న: పొగ వాసన వేసే బేకన్, బార్బెక్యూ రుచుల చిప్స్ ఆపేస్తున్నారా? (విశాఖపట్నం)

ఆపేది చిప్స్‌ను కాదు, పొగను ద్రవంగా మార్చి చేసే ఎనిమిది స్మోక్ ఫ్లేవర్లను. వాటిలో జన్యువులకు హాని చేసే అంశాలున్నాయనో, లేవని నిరూపించలేకపోయారనో 2024లో యూరోపియన్ యూనియన్ వాటి అనుమతులు పొడిగించలేదు. చిప్స్, సాస్‌లు, సూపుల్లో రుచి కోసం కలిపేవాటికి 2026 జూలై 1 దాకా గడువు, హామ్, చేప, చీజ్‌లకు 2029 దాకా. పొగపట్టించిన మిరప, ఈస్ట్ సారం, వేయించిన ఉల్లి పొడులతో తయారీదారులు దాదాపు అదే రుచి తెస్తున్నారు.

ప్రశ్న: ధర అదే, చాక్లెట్ చిన్నదైంది. ఎందుకు? (బెర్లిన్)

ప్రపంచపు కోకోలో సగానికి పైగా పండించే ఐవరీ కోస్ట్, ఘనాలలో వాతావరణం, తెగుళ్లు పంటను దెబ్బతీశాయి. 2024 డిసెంబరులో టన్ను ధర 12,000 డాలర్లు దాటింది. ధర పెంచితే కొనేవాళ్లు గమనిస్తారని బరువు తగ్గించారు. ఫ్రాన్స్‌లో 2024 జూలై నుంచి ఇలా తగ్గించిన సరుకు దగ్గర పెద్ద దుకాణాలు రెండు నెలలు బోర్డు పెట్టాలి. మీ జర్మనీలో అల్మారా చీటీ మీద చిన్న అక్షరాల్లో గ్రుండ్‌ప్రైస్ అని కిలో ధర ఉంటుంది. రెండు సరుకులను దానితోనే పోల్చుకోండి.

ప్రశ్న: మాది ప్యాకింగ్ ఫిల్మ్ యూనిట్. యూరప్ ఆర్డర్లకు ఒకే ప్లాస్టిక్‌తో కవర్లు అడుగుతున్నారు. వెండి పూత లామినేట్ పనికిరాదా? (విజయవాడ)

ఇంకొన్నాళ్లు పనికొస్తుంది. 2025లో వచ్చిన కొత్త ప్యాకేజింగ్ నిబంధన 2026 ఆగస్టు 12 నుంచి అమలు, 2030 నాటికి ప్యాకింగ్ అంతా రీసైక్లింగ్‌కు అనువుగా ఉండాలి. పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) పొర, అల్యూమినియం, పాలిథిన్ అతికించిన కవరును విడదీయలేరు. అందుకే అన్ని పొరలూ పాలీప్రొపిలీన్‌వే అడుగుతున్నారు.

చిక్కు సీలింగ్ దగ్గర వస్తుంది. పెట్ 250 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి కవరును నొక్కి అతికించే సీలు దవడలను ఎంత వేడి చేసినా పై పొర నిలబడేది. పాలీప్రొపిలీన్ 160 దగ్గరే కరుగుతుంది, పై పొర ముడుచుకుని దవడకు అంటుకుంటుంది. లోపలి పొరకు 110 డిగ్రీల దగ్గరే అతుక్కునే రకం తీసుకోండి, వేడి తగ్గించి దవడ ఒత్తిడి సమయం పెంచండి, మెషిన్ వేగం కొంత తగ్గుతుందని ధరలో ముందే లెక్క వేసుకోండి. కవరును నీళ్లలో ముంచి నొక్కి, వెనక సీలు మూలల్లో బుడగలు వస్తున్నాయేమో చూడండి. నైట్రోజన్ ఎక్కువగా కారిపోయేది అక్కడే.