ప్లేయర్లను అమ్ముతున్నా క్లబ్ దగ్గర డబ్బెందుకు ఉండదు? ఎవర్టన్ అభిమానిగా నేను చూసింది

ప్రతి సమ్మర్‌లో బాగా ఆడేవాడినే అమ్మేస్తున్నారు, అయినా కొనడానికి డబ్బు లేదంటున్నారు, ఆ డబ్బంతా ఎటు పోతోంది, ఇక మేం కింది డివిజన్‌కి పోవడమేనా అని అడిగారు. మీ క్లబ్ ఏదో రాయలేదు కాబట్టి దాని సంగతి చెప్పలేను. నేను పదిహేనేళ్లకు పైగా ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆడే ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్‌కి అభిమానిని, చేసే ఉద్యోగం అకౌంట్స్‌లో, అందుకని మీరిప్పుడు పడుతున్న బాధను అభిమానిగానూ చూశాను, లెక్కలు చూసేవాడిగానూ చూశాను. నాకు అర్థమైన మొదటి సంగతి ఏంటంటే, మనకి కోపం తెప్పించే అమ్మకం జరిగే నాటికి అసలు తప్పు జరిగి నాలుగైదేళ్లు అయిపోయి ఉంటుంది.

మా క్లబ్‌లో ఆ తప్పు 2017లో జరిగింది. గోల్స్ కొట్టే మా స్ట్రైకర్ లుకాకుని మాంచెస్టర్ యునైటెడ్‌కి సుమారు 75 మిలియన్ పౌండ్లకి అమ్మారు. కొత్త యజమాని వచ్చి ఏడాది దాటింది, చేతిలో డబ్బుంది, అందరం సంబరపడ్డాం. ఆ డబ్బుతో ఏం చేశారో చూడండి. సిగుర్డ్సన్‌కి సుమారు 45 మిలియన్లు, క్లాసెన్‌కి సుమారు 24 మిలియన్లు పెట్టారు, రూనీ ఫ్రీగా వచ్చాడు, ముగ్గురూ ఇంచుమించు ఒకే చోట ఆడేవాళ్లు. వెళ్లిపోయిన లుకాకు స్థానంలో ఆ స్థాయి స్ట్రైకర్ మాత్రం రాలేదు. క్లాసెన్ ఒక్క సీజన్ ఉండి వెళ్లిపోయాడు. ఆ రోజు ఎవరూ గోల పెట్టలేదు, నేనూ పెట్టలేదు. పేర్లు వస్తున్నాయి, అదే చాలనిపించింది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఇది తెలిస్తే మీ ప్రశ్నలో సగానికి జవాబు దొరుకుతుంది. ఒక ప్లేయర్‌ని 50 మిలియన్లకి కొని ఐదేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారనుకోండి, క్లబ్ పుస్తకాల్లో ఆ 50 ఒకే ఏడాది ఖర్చు కింద పడదు, ఏడాదికి 10 చొప్పున పంచి రాస్తారు. రెండేళ్లు గడిచాక అతని విలువ పుస్తకంలో ఇంకా 30 ఉంటుంది. అతను సరిగా ఆడలేదు, ఎవరో వచ్చి 20 ఇస్తామన్నారు. మనం అభిమానులం 'పోనీ 20 అయినా వచ్చాయి, వదిలించుకోండి' అంటాం. పుస్తకంలో అది 10 మిలియన్ల నష్టం. అప్పటికే నష్టాల్లో ఉన్న క్లబ్ అతన్ని అమ్మనూ లేదు, పెట్టుకోనూ లేదు, వారం వారం జీతం మాత్రం పోతూనే ఉంటుంది. పైగా అంత జీతం ఇంకో క్లబ్ ఇవ్వదు కాబట్టి అతనూ కదలడు. మీ జట్టులో అమ్మాల్సినవాళ్లు అమ్ముడుపోకుండా, ఉండాల్సినవాళ్లే ఎందుకు పోతున్నారంటే కారణం చాలావరకు ఇదే.

అదే సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడైతే కొన్న ధర సున్నా. అతన్ని 40కి అమ్మితే 40కి 40 లాభమే. ఆంథోనీ గోర్డన్ పదకొండేళ్ల వయసు నుంచి మా దగ్గరే ఉన్నాడు. 2023 జనవరిలో సుమారు 40 మిలియన్లకి న్యూకాసిల్ తీసుకుంది. నేను ఆ రాత్రి మా ఎవర్టన్ మిత్రుల గ్రూపులో చాలా పెద్ద మెసేజ్ రాశాను, బోర్డుని తిట్టాను, ఆ కుర్రాడినీ తిట్టాను. ఇప్పుడు చూస్తే ఆ ధరకి అమ్మడం తప్పు కాదు. తప్పు ఏంటంటే, ఆ నెలలో మా క్లబ్ ఒక్కరిని కూడా కొనలేదు. మేం తెచ్చుకోవాలనుకున్న డాన్జుమా వైద్య పరీక్ష కూడా అయిపోయి, వస్తున్నాడనుకున్నాక టోటెన్‌హామ్‌కి వెళ్లిపోయాడు. రెలిగేషన్ జోన్‌లో, అంటే కింది డివిజన్‌కి పడిపోయే స్థానాల్లో ఉన్న జట్టు, ఉన్న వింగర్‌ని అమ్ముకుని ఖాళీ చేతులతో ట్రాన్స్‌ఫర్ విండో (ప్లేయర్లను కొని అమ్ముకునే గడువు) దాటింది. అదీ నన్ను ఇప్పటికీ బాధపెట్టేది.

లూయిస్ డాబిన్ సంగతి ఇంకా నొప్పి. అతనూ మా అకాడమీ కుర్రాడే, 2023 డిసెంబర్‌లో చెల్సీ మీద ఇంజరీ టైంలో రెండో గోల్ కొట్టి మా పాత స్టేడియం గుడిసన్ పార్క్ మొత్తాన్ని లేపాడు. ఆర్నెల్లు దాటాయో లేదో, 2024 జూన్‌లో ఆస్టన్ విల్లాకి అమ్మేశారు. అదే నెలలో విల్లా నుంచి ఇరోగ్బునమ్‌ని మేం కొన్నాం. ఆ జూన్‌లో ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలు చాలా క్లబ్బుల మధ్య నడిచాయి, ఎందుకంటే జూన్ 30తో చాలా క్లబ్బుల లెక్కల ఏడాది ముగుస్తుంది, ఆ తేదీలోపు లాభం పుస్తకంలో పడాలి. ఊళ్లో పుట్టి క్లబ్ కోసమే పెరిగిన పిల్లాడిని అమ్మడమే లెక్కల్లో అన్నిటికన్నా లాభం అనే రూల్ ఎవరు పెట్టినా సరే, నా దృష్టిలో అది చెడ్డ రూల్.

రూల్ అంటే, 2025-26 సీజన్ వరకు ప్రీమియర్ లీగ్‌లో మూడేళ్లకి కలిపి గరిష్ఠంగా 105 మిలియన్ల నష్టం వరకే అనుమతి ఉండేది, అదీ యజమాని సొంత డబ్బు పెడితేనే. మేం 2022 వరకు ఉన్న లెక్కలో దాన్ని 19.5 మిలియన్లు దాటాం. 2023 నవంబర్‌లో పది పాయింట్లు కోశారు, 14వ స్థానం నుంచి 19కి పడిపోయాం. అప్పీల్‌లో అది ఆరుకు తగ్గింది, మళ్లీ ఏప్రిల్‌లో తర్వాతి ఏడాది లెక్కకి ఇంకో రెండు పోయాయి. మైదానంలో 48 పాయింట్లు సంపాదించిన జట్టు పట్టికలో 40తో ముగించింది. మా క్లబ్ లాగే మీ వాళ్లు కూడా అలాంటి నష్టాల గీతకి దగ్గరగా ఉంటే మీ భయం ఊరికే వచ్చింది కాదు.

గీత దగ్గరున్న క్లబ్బుకి అమ్మే తేదీ కూడా ప్రాణం మీదకి తెస్తుంది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌ని చూడండి. బ్రెనన్ జాన్సన్ వాళ్ల అకాడమీ కుర్రాడు, జూన్‌లో తొందరపడి తక్కువకి అమ్మకుండా ఆగారు, 2023 సెప్టెంబర్ 1న టోటెన్‌హామ్ నుంచి 47.5 మిలియన్లు తెచ్చుకున్నారు. మామూలు వ్యాపారంలో అయితే భేష్ అంటాం. ఎక్కువ ధర కోసమే ఆగామని వాళ్లు వాదించారు కూడా. అమ్మకం జూన్ 30 దాటాక జరిగింది కాబట్టి విచారణ కమిషన్ ఒప్పుకోలేదు, నాలుగు పాయింట్లు పోయాయి. ఇది తెలిసిన కొనేవాళ్లు జూన్ దాకా గోతికాడ నక్కల్లా కాచుకుని కూర్చుంటారు. మీ వాళ్లు ఏదో ఒక జూన్ చివరి వారంలో ఎవరినో చవగ్గా వదిలేశారంటే వెంటనే 'చేతకానివాళ్లు' అనకండి, ఆ వారం వాళ్లకి బేరమాడే బలం లేకపోయి ఉండొచ్చు. ఆ స్థితి ఎందుకొచ్చిందో మాత్రం గట్టిగా అడగండి.

ఇంకొకటి, పేపర్లో 60 మిలియన్లు అని వస్తే ఆ 60 ఆ రోజే బ్యాంకులో పడదు. ట్రాన్స్‌ఫర్ ఫీజులు చాలావరకు వాయిదాల్లో వస్తాయి, కొంత భాగం అన్ని మ్యాచ్‌లు ఆడితేనో, ఇన్ని గోల్స్ కొడితేనో అనే షరతుల మీద ఉంటుంది. డబ్బుకి కటకటలాడే క్లబ్బులు రాబోయే వాయిదాలను చూపించి ముందే అప్పు తెచ్చుకుంటాయి, వడ్డీ పోగా మిగిలింది జీతాలకి పోతుంది. అటుపక్క మన క్లబ్ పాత కొనుగోళ్లకి ఇంకా వాయిదాలు కడుతూనే ఉంటుంది. మీరడిగిన 'ఎటు పోతోంది' అన్నదానికి జవాబు ఇదే, ఎవరో జేబులో వేసుకున్నారనే అనుమానం కన్నా ముందు ఇది చూడాలి.

ఇక జీతాలు. నా మటుకు నేను క్లబ్ ఆరోగ్యం తెలుసుకోవాలంటే ముందు చూసేది ఈ ఒక్క అంకెనే. 2020-21లో ఎవర్టన్ ఆదాయం సుమారు 193 మిలియన్లు, జీతాలు సుమారు 183 మిలియన్లు. అంటే వచ్చిన ప్రతి వంద పౌండ్లలో 95 జీతాలకే. మిగిలిన ఐదు పౌండ్లతో స్టేడియం కరెంటు కట్టాలి, ప్రయాణాలు చేయాలి, ప్లేయర్లని కొనాలి, తీసేసిన మేనేజర్లకి పరిహారం ఇవ్వాలి. ఆఫీసులో ఇలాంటి లెక్క ఏ చిన్న కంపెనీది నా టేబుల్ మీదకి వచ్చినా నేను పెన్ను కింద పెట్టి పై అధికారి దగ్గరికి వెళ్లేవాడిని. ఇంగ్లండ్ క్లబ్బుల వార్షిక లెక్కలు కంపెనీస్ హౌస్‌లో (అక్కడ కంపెనీల రికార్డులు ఉంచే ప్రభుత్వ సంస్థ) ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, మీ క్లబ్ ఇంగ్లండ్‌దైతే ఇవాళే చూడండి. ఆదాయం ఎంత, జీతాలు ఎంత, ప్లేయర్ల అమ్మకం మీద లాభం ఎంత, అప్పు ఎవరి దగ్గర ఎంత వడ్డీకి ఉంది, ఇవి చాలు. చివర్లో లెక్కల ఏడాది ముగిశాక జరిగినవి అని ఒక నోట్ ఉంటుంది, దాన్ని వదలకండి, ఆ తర్వాత అమ్మినవాళ్లూ తెచ్చిన అప్పులూ తరచూ అక్కడే బయటపడతాయి.

అమ్మడమే రోగం అనుకోకండి. బ్రైటన్ కైసేడోని 5 మిలియన్ల లోపు తెచ్చి 2023లో చెల్సీకి 100 మిలియన్లకి, అదనంగా వచ్చేవి కాక, అమ్మింది, మునిగిపోలేదు. ఎందుకంటే అమ్మేముందే అతని తర్వాత ఎవరో చూసుకుంటారు, తమకి నచ్చిన ధర వచ్చే దాకా కదలరు. అమ్మకం వాళ్ల ఇష్టప్రకారం జరుగుతుంది. మా అమ్మకాలు అవసరం కొద్దీ జరిగాయి. మీ క్లబ్ ఈ రెండిట్లో ఎటువైపు ఉందో చూసుకోండి, మీ భవిష్యత్తు గురించి దీనికి మించిన సూచన నాకు తెలియదు.

కింది డివిజన్‌కి పోతే ఏమవుతుందో కూడా ఉన్నదున్నట్టు చెప్తాను. మొదటి దెబ్బ టీవీ డబ్బుకి తగులుతుంది, ప్రీమియర్ లీగ్ మూడేళ్ల వరకు పారాచూట్ చెల్లింపులు (కిందికి పడిన క్లబ్‌కి ఊతంగా ఇచ్చే డబ్బు) ఇస్తుంది గానీ అవీ ఏడాదికేడాది తగ్గిపోతాయి. 2023 మేలో ఆఖరి రోజు మేం బోర్న్‌మత్‌ని 1-0తో ఓడించి బతికాం, లెస్టర్ తన మ్యాచ్ గెలిచి కూడా పోయింది, ఆ సమ్మర్‌లోనే వాళ్ల ముఖ్య ప్లేయర్లు మాడిసన్, హార్వీ బార్న్స్ ఇద్దరూ వెళ్లిపోయారు. ఆ రోజు మా డూకూరే 57వ నిమిషంలో బాక్స్ అంచు నుంచి కొట్టిన ఆ షాట్ ఒక్కటి వల తాకకపోతే మా కథా అదే. పది నిమిషాల ఇంజరీ టైం ఇచ్చారు. నేను కూర్చోలేకపోయాను, హాల్లో గోడకి ఆనుకుని నిలబడి, స్క్రీన్ మీద గడియారం తప్ప ఇంకేం చూడలేకపోయాను. అంతకు ముందు ఏడాది క్రిస్టల్ ప్యాలెస్ మ్యాచ్ మన టైం అర్ధరాత్రి దాటాక, హాఫ్ టైంకి 0-2. ఇంట్లో అందరూ పడుకున్నారు, సౌండ్ పూర్తిగా తీసేసి చూస్తున్నా. కీన్ ఒకటి, రిషార్లిసన్ ఒకటి, 85వ నిమిషంలో కాల్వర్ట్-లూయిన్ దూకి తలతో కొట్టింది ఒకటి, 3-2. నోటికి దిండు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆ రిషార్లిసన్‌ని నెలన్నర తిరక్కుండా అమ్మేశారు, 50 మిలియన్లకి, పై షరతుల డబ్బు వేరే.

పోర్ట్స్‌మత్ 2008లో ఎఫ్‌ఏ కప్ గెలిచింది, 2010 ఫిబ్రవరిలో అప్పులు కట్టలేక అడ్మినిస్ట్రేషన్‌లోకి (దివాలా నిర్వహణలోకి) వెళ్లింది, 2013కల్లా నాలుగో డివిజన్. అక్కడ అభిమానుల ట్రస్టే క్లబ్‌ని కొని నిలబెట్టింది, 2024లో మళ్లీ రెండో డివిజన్‌కి ఎక్కారు. బరీ అనే క్లబ్‌కి ఆ అదృష్టం దక్కలేదు, 2019 ఆగస్టులో లీగ్ నుంచే తీసేశారు. ఈ రెండిటి మధ్య తేడా తెచ్చింది ప్లేయర్లు కాదు, క్లబ్ ఎవరి చేతిలో ఉందన్నదే. మమ్మల్ని కొంటామని 777 పార్ట్‌నర్స్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ వచ్చి నెలల తరబడి నడిపించి చివరికి 2024లో ఒప్పందం కూలిపోయింది. ఆ నెలల్లో పడిన టెన్షన్ ఏ మ్యాచ్‌లోనూ పడలేదు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఫ్రీడ్‌కిన్ గ్రూప్ తీసుకున్నాకే ఊపిరి ఆడింది. ఇప్పుడు 52 వేల మందికి పైగా పట్టే కొత్త స్టేడియం ఉంది, 2025 ఆగస్టులో అక్కడ మొదటి లీగ్ మ్యాచ్‌లో బ్రైటన్‌ని 2-0తో ఓడించాం. మూడేళ్ల ముందు ఇది జరుగుతుందని ఎవరైనా చెప్పుంటే నేను నమ్మేవాడిని కాదు.

అందుకని మీ జట్టు పనైపోయిందని ఇప్పుడే తేల్చకండి. వచ్చే విండోలో ఎవరిని అమ్మారన్నది పక్కన పెట్టి, పెద్ద జీతాలున్న పాతవాళ్ల కాంట్రాక్టులు ముగిసినప్పుడు వాళ్లని వదిలేశారా, లేక ఇంకో రెండేళ్లు పొడిగించారా అన్నది చూడండి. మేం మొదట బాగుపడింది అక్కడే. దానికి తోడు కొత్తవాళ్లు చవగ్గా దొరికారు: టార్కోస్కీ ఫ్రీగా వచ్చాడు, బ్రాంత్‌వెయిట్‌ని కార్లైల్ నుంచి సుమారు ఒక మిలియన్‌కి తెచ్చాం, వాళ్లిద్దరూ డిఫెన్స్‌లో నిలబడబట్టే ఎనిమిది పాయింట్లు పోయినా మిగిలాం.

మీ క్లబ్ పేరు, చివరిగా బయటికి వచ్చిన లెక్కలు ఏ ఏడాదివో కింద రాయండి. ఆదివారం నాకు ఖాళీ, కూర్చుని పేజీ పేజీ చూసి నాకు కనపడింది చెప్తాను.