వంటమనిషికి కూడా శిక్షణ ఇవ్వాలా?

ప్రశ్న: మాది పార్వతీపురం మన్యం జిల్లాలోని ఒక బాలికల గురుకుల పాఠశాల. 480 మంది పిల్లలు చదువుతున్నారు. ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థినులను గుర్తించి ఆదుకునేలా సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇప్పించాలని చెబుతున్నారు. పోయినసారి ఒక వక్త వచ్చి రెండు గంటలు తెర మీద బొమ్మలు చూపించి వెళ్లారు. ఆ తరువాత ఏమీ మారలేదు. "మేము పాఠాలు చెప్పేవాళ్లమా, మానసిక వైద్యులమా?" అని మా సీనియర్ టీచర్లు అడుగుతున్నారు. ఈసారి ఎవరిని కూర్చోబెట్టాలి, ఏం నేర్పించాలి?
– ఒక ప్రధానోపాధ్యాయురాలు

జవాబు: మీ సీనియర్ టీచర్లు అడిగినది న్యాయమైన ప్రశ్న. దానికి ముందుగా సమాధానం చెప్పకపోతే రెండో శిక్షణ కూడా మొదటిదానిలాగే ముగుస్తుంది.

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక 17 ఏళ్ల విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, 2025 జూలై 25న తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ, వసతిగృహాలతో సహా, 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మీరు చెప్పిన ఏటా రెండుసార్ల నిబంధన అందులోదే. ఆ శిక్షణను అర్హత గల మానసిక ఆరోగ్య నిపుణులు ఇవ్వాలని, మానసిక ప్రథమ చికిత్స (కలతలో ఉన్న మనిషికి వెంటనే అందించే తొలి ఆసరా), ప్రమాద సూచనలు, తనను తాను గాయపరచుకునే బిడ్డ విషయంలో నడుచుకోవలసిన తీరు, ఎవరి దగ్గరికి పంపాలన్న వివరం అందులో ఉండాలని కోర్టు చెప్పింది. శిక్షణ బోధన సిబ్బందికే కాక బోధనేతర సిబ్బందికి కూడా అన్నమాటను చాలా బడులు చదివీ చదవనట్టు వదిలేస్తున్నాయి. 100 మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సామాజిక కార్యకర్తను గానీ నియమించాలన్నది ఇంకో మార్గదర్శకం. మీ బడికి అదీ వర్తిస్తుంది.

ఈ రెండు నిబంధనలనూ కలిపి చూడడం అవసరం. యూరప్‌లోని పది దేశాల్లో 168 పాఠశాలల్లో, 11,000 మందికి పైగా విద్యార్థులతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఉపాధ్యాయులకు ప్రమాద సూచనలు నేర్పి ఊరుకున్న బడుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని, పిల్లలతోనే నేరుగా మాట్లాడించి, సన్నివేశాలు నటింపజేసిన బడుల్లో ఆత్మహత్యాయత్నాలు తగ్గాయని 2015లో దాని ఫలితాలు తెలిపాయి. బిహార్‌లోని నలందా జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఒకే కార్యక్రమాన్ని కొన్ని చోట్ల ఉపాధ్యాయుల చేత, కొన్ని చోట్ల అదే పనికి నియమించిన స్థానికుల చేత నడిపించి చూశారు. స్థానికులు నడిపిన చోట బడి వాతావరణం మెరుగుపడి, పిల్లల్లో కుంగుబాటూ ఒకరినొకరు వేధించుకోవడమూ తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన చోట ఫలితం లేకపోయింది. ఈ రెండోదానిలో ఉపాధ్యాయుల తప్పు పెద్దగా ఉందని నేననుకోను. సిలబస్, పరీక్షలు, ఆన్‌లైన్ హాజరు, భోజనం లెక్కలు అన్నీ మోసే మనిషి మీద ఈ బరువు కూడా పెడితే, అందరికంటే చివర మోసేది దీన్నే.

కాబట్టి మీ టీచర్లకు ఇలా చెప్పండి: మీరు వైద్యులు కారు, కానక్కరలేదు. మీ పని బిడ్డలో వచ్చిన మార్పును కనిపెట్టడం, పక్కకు తీసుకెళ్లి అడగడం, వినడం, ఆ రోజే సరైన మనిషికి అప్పగించడం. ఆ అప్పగించవలసిన మనిషి ఎవరో పేరు పెట్టి చెప్పలేని బడిలో ఎంత శిక్షణ ఇచ్చినా వృథా. శిక్షణ తేదీ ఖరారు చేసే ముందు కౌన్సెలర్ సంగతి తేల్చుకోండి. నియామకం ఆలస్యమైతే జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంతో మాట్లాడి, ఏ రోజు పంపవచ్చో, ఎవరు వెంట వెళ్లాలో రాతపూర్వకంగా ఏర్పాటు చేసుకోండి.

ఇక ఎవరిని కూర్చోబెట్టాలన్నది. వసతిగృహంలో బిడ్డ అన్నం ముద్ద ముట్టకుండా కంచం కడిగేసుకుంటే మొదట చూసేది వంటమనిషి. రాత్రి రెండింటికి వరండాలో ఒంటరిగా కూర్చున్న పిల్లను చూసేది వాచ్‌మన్. మండువేసవిలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పని పిల్ల సంగతి, నెలసరి ఆగిన పిల్ల సంగతి ఆయాకు తెలిసినంతగా తరగతి టీచరుకు తెలియవు. వీళ్లకు చెప్పాలని ఉండదని కాదు, "నీ పని నువ్వు చూసుకో" అంటారేమోనన్న జంకు. అందువల్ల టీచర్లనూ వీళ్లనూ ఒకే గదిలో, ఒకే వరుసలో కూర్చోబెట్టండి. మీ ప్రాంతంలో కొందరు పిల్లల ఇంటి భాష సవరో, కువియో అయి ఉంటుంది. ఆ భాష తెలిసిన మనిషి వంటింట్లో ఉంటే, మీ బడిలో ఆమెను మించిన సహాయకురాలు లేదు.

గుర్తులను జాబితాగా బట్టీ పట్టించవద్దు. బాగా చదివే పిల్ల ఉన్నట్టుండి ఖాళీ పేపరు ఇవ్వడం, సంక్రాంతి సెలవుల నుంచి వచ్చాక ఎవరితోనూ మాట్లాడకపోవడం, పెళ్లిచూపుల మాట చెప్పి ఏడవడం, ప్రతి సోమవారం కడుపునొప్పి, ఇష్టమైన వస్తువులను స్నేహితురాళ్లకు పంచిపెట్టడం, "నేను లేకపోతే అందరికీ సుఖం" అనడం వంటివి మీ బడిలో ఎప్పుడెప్పుడు కనిపించాయో, పిల్లల పేర్లు రాకుండా, సిబ్బంది చేతనే చెప్పించండి. మిగిలిన సమయమంతా ఇద్దరిద్దరుగా నటింపజేయాలి. ఒకరు పిల్ల, ఒకరు టీచరు. మొదటిసారి దాదాపు అందరూ "మీ అమ్మానాన్నలు నీకోసం ఎంత కష్టపడుతున్నారో తెలుసా?" అంటారు. ఆ మాట వినగానే పిల్ల పాత్రలో ఉన్నవారికి నోరు ఎలా మూసుకుపోతుందో వారి చేతనే చెప్పించండి. (స్టాఫ్‌రూంలో వినిపించే "యాక్షన్ చేస్తోంది" అన్న తీర్పు గురించీ అప్పుడే మాట్లాడాలి. అలా అనిపించుకున్న పిల్ల రెండోసారి ఎవరికీ చెప్పదు.)

ప్రశ్న: నేను నల్గొండ జిల్లాలో ఉపాధ్యాయినిని. తొమ్మిదో తరగతి అమ్మాయి "ఎవరికీ చెప్పనని ఒట్టు వేస్తేనే చెబుతా" అంది. ఒట్టు వేశాను. దగ్గరి బంధువు తనతో తప్పుగా ప్రవర్తిస్తున్నాడని చెప్పింది. మాట తప్పాలా?
– పేరు వద్దన్నారు

జవాబు: తప్పక తప్పదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం, ఇటువంటిది తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేసి తీరాలి. తెలిసీ ఊరుకుంటే 21వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఊరి పెద్దలను పిలవడం, బంధువును నిలదీయడం, అమ్మాయి చేత నలుగురి ముందు మళ్లీ మళ్లీ చెప్పించడం చేయకండి. అవి కేసునూ బిడ్డనూ రెంటినీ దెబ్బతీస్తాయి. ఆమె పేరు బయటికి పొక్కకూడదన్నదీ చట్టమే. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి సహాయం కోరవచ్చు. అయితే పోలీసులకు చెప్పే ముందు అమ్మాయికి చెప్పండి: "ఒట్టు వేయడం నా పొరపాటు. నిన్ను కాపాడాలంటే ఇంకొకరికి చెప్పక తప్పదు. ఎవరికి చెబుతున్నానో ముందు నీకే చెబుతున్నాను" అని. ఆమెకు కోపం రావచ్చు. ఆ సాయంత్రం ఆమె అదే ఇంటికి తిరిగి వెళ్లవలసి వస్తుందా అన్నది మాత్రం మొదటి ఫోన్‌లోనే అడగండి. ఇకమీదట ఏ బిడ్డకూ ముందుగా ఒట్టు వేయవద్దు.

ప్రశ్న: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని పిల్లలను అడిగితే లేని ఆలోచన కలిగించినట్టు కాదా?
– ఒక వార్డెన్, కర్నూలు

జవాబు: కాదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుడుతుందన్న భయానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. అడిగిన తరువాత చాలామందికి ఊరట కలుగుతుంది. డొంకతిరుగుడు లేకుండా, మెల్లగా, ఇద్దరే ఉన్నప్పుడు అడగండి. అవునంటే ఆ పిల్లను ఒంటరిగా వదలకండి. పక్కన కూర్చునే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు, 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడతారు. పిల్ల మాట్లాడనంటే మీరే మాట్లాడి, తరువాత ఏం చేయాలో అడగవచ్చు.