వరంగల్ చెరువులపై పరిశోధనకు నిధులు ఎవరిస్తారు?

పాకాల, రామప్ప వంటి కాకతీయుల నాటి చెరువులపైనో, ఇక్కడి గట్టి రాతి పొరల్లోని భూగర్భజలాలపైనో పరిశోధన చేయదలచిన అధ్యాపకులకు ప్రధాన ఆధారం కేంద్ర నిధులే. ఒకప్పుడు సెర్బ్ (కేంద్ర సైన్స్, ఇంజినీరింగ్ పరిశోధన బోర్డు) ఇచ్చిన గ్రాంట్ల బాధ్యతను ఇప్పుడు 2023 నాటి చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చూస్తోంది. జలశక్తి మంత్రిత్వ శాఖ కూడా నీటి పరిశోధనకు విడిగా నిధులిస్తుంది. ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో 2016లో మొదలైన జాతీయ హైడ్రాలజీ ప్రాజెక్టు ప్రధానంగా ప్రభుత్వ శాఖల కోసం రూపొందినది.

అసలు ఇబ్బంది గడువుతోనే. గ్రాంటు సాధారణంగా రెండు మూడేళ్లకే ముగుస్తుంది. చెరువు నీటి లెక్క తేలాలంటే మాత్రం కరువు ఏడాదినీ, అలుగు పోసిన ఏడాదినీ రెండింటినీ కొలవాలి. అందుకే, నా దృష్టిలో, నీటిపారుదల, భూగర్భజల శాఖల పాత నమోదులను ముందే సేకరించి, వాటి ఆధారంగా ప్రతిపాదన రాయడం మేలు.