ఇంట్లో వైరింగ్ మార్చాలంటే ఎవరి పర్మిషన్ కావాలి?

ప్రశ్న: పాతికేళ్ల నాటి అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొన్నాం. పాత ఫ్యూజుల బోర్డు తీసేసి ఎంసీబీలు (కరెంటు మితిమీరితే వాటంతటవే ఆగిపోయే స్విచ్చులు) పెట్టించాలి. రెండు ఏసీలకు, గీజరుకు కొత్త లైన్లు లాగించాలి. మెట్ల కింద మీటరును కూడా కాస్త పక్కకు జరిపించాలనుంది. కరెంటాఫీసు పర్మిషన్ లేకుండా తీగ ముట్టుకోవద్దని అసోసియేషన్ సెక్రటరీ అంటున్నారు. సొంతింటి పనికి పర్మిషనేంటని ఎలక్ట్రీషియన్ నవ్వుతున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరి మాటలోనూ సగం సగమే నిజం ఉంది. ఇంట్లో వైరింగ్ మరమ్మతుకని ముందుగా అర్జీ పెట్టి తెచ్చుకునే పర్మిట్ మన దేశ విద్యుత్ చట్టంలో లేదు. పర్మిట్ ఉండాల్సింది పనిచేసే మనిషికి. విద్యుత్ చట్టం, 2003లోని 53వ సెక్షన్ కింద వచ్చిన 2023 నాటి భద్రతా నిబంధనలు ఈ మాటే చెబుతున్నాయి. 1956 నాటి పాత రూల్స్‌లో 45వ రూలు చెప్పిందీ ఇదే. కొత్త పనైనా, ఉన్నదానికి మార్పైనా, మరమ్మతైనా రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేపట్టాలి. సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి. తీగ పట్టుకునే వ్యక్తికి వైర్‌మన్ పర్మిట్ ఉండాలి. ఇలా జరగని పనికి కరెంటు కలపకూడదు.

బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు, 250 వోల్టుల లోపు గృహోపకరణాలు మార్చుకోవడానికి ఈ నియమం అడ్డు రాదు. అయితే ఆ మార్పుతో వైరింగ్ సామర్థ్యం గానీ స్వభావం గానీ ఏమాత్రం మారకూడదు. గొడవంతా ఈ షరతు దగ్గరే వస్తుంది. ఉదాహరణకు 16 ఆంపియర్ల ఎంసీబీ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాని స్థానంలో 32 ఆంపియర్లది బిగిస్తారు. పైకి అదో స్విచ్చు మార్చినట్టే కనిపిస్తుంది. కానీ గోడలో ఉన్నది 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ. 32 ఆంపియర్లు దాని శక్తికి మించినవి. ఎంసీబీ పడకముందే పైపులో ఇన్సులేషన్ కరుగుతుంది. చట్టం లెక్కలో అది సామర్థ్యం మార్చిన పనే కాబట్టి మినహాయింపు దానికి వర్తించదు. అంతకంటే ప్రమాదకరమైన అలవాటు ఇంకొకటి ఉంది. ఎర్త్ తీగ రాని పాత సాకెట్లో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే గీజరు ఒంటికి ఫేజు వచ్చేస్తుంది. దానివల్ల ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యపు మరణం కేసు అవుతుంది. శిక్ష ఐదేళ్ల దాకా ఉండొచ్చు. అందులో పని చేయించిన ఇంటి యజమానిని కూడా ప్రశ్నిస్తారు.

కాబట్టి మీ బోర్డు, కొత్త లైన్లు రెండూ లైసెన్సు కాంట్రాక్టరు చేయాల్సిన పనులే. బయానా ఇచ్చేముందు లైసెన్సు కాపీ అడిగి, గడువు తేదీ చూడండి. ఏ లైనుకు ఎంత మందం తీగ, ఎన్ని ఆంపియర్ల ఎంసీబీ అన్నది కొటేషన్లోనే రాయించండి. గీజరుకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడటం మామూలు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పక పెట్టించండి. పాత ఇళ్లలో రెండు లైన్ల న్యూట్రళ్లు కలిసిపోయి ఉంటాయి కనుక అది పెట్టగానే ట్రిప్ అవుతుంటుంది. కొందరు విసుగొచ్చి దాన్ని బైపాస్ చేసి వెళ్లిపోతారు. న్యూట్రళ్లు విడదీయించాకే మిగతా డబ్బు ఇవ్వండి. చివర్లో 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే పరికరం) ఒక నిమిషం పాటు పరీక్షించి, ఇన్సులేషన్ కనీసం ఒక మెగా ఓమ్ చూపించిందని సంతకంతో టెస్ట్ రిపోర్టు తీసుకోండి. రేపు ప్రమాదం జరిగినా, బీమా సర్వేయరు వచ్చినా మీ తరఫున చూపించడానికి ఉండేది ఆ కాగితమే.

సెక్రటరీ మాటలో నిజం ఉన్నది లోడు విషయంలో. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీరు వాడుకుంటామని ఒప్పుకున్న లోడు, ఎంతో చూడండి. అది 2 కిలోవాట్లే ఉందనుకుందాం. టన్నున్నర ఏసీలు రెండు, 2 కిలోవాట్ల గీజరు కలిపితే 5 దాటుతుంది. పని మొదలయ్యేలోపే అదనపు లోడుకు దరఖాస్తు చేసి ఛార్జీలు కట్టండి. ఒప్పందానికి మించి వాడటం విద్యుత్ చట్టంలో అనధికార వాడకం గురించిన 126వ సెక్షన్ కిందికి వస్తుందని 2011లో సీతారాం రైస్ మిల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు మిల్లుదే అయినా సెక్షన్ ఇంటికీ అదే. వాడకం ఎప్పటినుంచో తేలకపోతే వెనక్కి 12 నెలలకు, రెట్టింపు టారిఫ్‌తో లెక్క కడతారు. ముందు తాత్కాలిక ఉత్తర్వు వస్తుంది. కంగారుపడి కట్టేయకుండా అభ్యంతరాలు రాసి ఇవ్వండి. తుది ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలుంది కానీ సగం సొమ్ము ముందు కట్టాలి. ఇంటి కనెక్షన్‌తో క్లినిక్కో పార్లరో నడిపినా ఇదే సెక్షన్.

ఫ్లాటు లోపలి పనిని ఆపే హక్కు అసోసియేషన్‌కు లేదు. కింది ప్యానెల్ నుంచి మీ ఫ్లాటుకు వచ్చే మెయిన్ కేబుల్ మార్చాలంటే మాత్రం అది ఉమ్మడి డక్టులో వెళ్తుంది కనుక రాతపూర్వక సమ్మతి తీసుకోండి.

మీటరు సంగతి వేరు. సర్వీసు వైరు, మీటరు, సీలు ఇవన్నీ విద్యుత్ సంస్థ చేతిలోవి. మీ కాంట్రాక్టరుకు ఎంత పెద్ద లైసెన్సు ఉన్నా వాటిని ముట్టుకోకూడదు. జరపాలంటే సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి డబ్బు కడితే వాళ్ల సిబ్బందే వచ్చి జరుపుతారు. లైన్‌మన్‌తో నోటిమాట మీద చేయించుకుంటే మీటరు జోలికి వెళ్లినందుకు అదే చట్టంలోని 138వ సెక్షన్, సీలు తెగి ఉంటే 135 కింద చౌర్యం ఆరోపణ మీ మెడకు చుట్టుకోవచ్చు. మీరు కొన్నది పాత ఫ్లాటు కాబట్టి, ముందు మీటరు సీలు ఫొటో తీసి పెట్టుకోండి. అది ఇప్పటికే తెగి ఉంటే, పని మొదలుపెట్టకముందే ఆఫీసులో రాసిచ్చి రశీదు తీసుకోండి.